తిరుపతి మిద్దె ధర

కొన్న ధర కంటే ఒక్క రూపాయి తగ్గించి ఏ ఆస్తినీ లెక్కల్లో రాయనిచ్చేవాడు కాదు మా నాయన. ఆ ఒక్క మొండితనం మా ఇంటిని ఏ గతికి తెచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

చిత్తూరులో నాయనకూ చిన్నాయనకూ కలిపి బెల్లం మండీ ఉండేది. చుట్టుపక్కల చెరకు రైతులు బండ్లలో తెచ్చిన బెల్లాన్ని దించుకుని, బయటి ఊళ్ల వ్యాపారులకు అమ్మించి, కమీషన్ తీసుకునేవాళ్లు. డెబ్బైల మొదట్లో నాలుగు డబ్బులు మిగిలితే నాయన తిరుపతిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక మిద్దె కొన్నాడు. కింద అంగళ్లు, పైన యాత్రికులకు అద్దెకిచ్చే గదులు. కొండ దిగిన జనం గుండ్లకు పూసుకున్న గంధం ఆరకముందే మా అంగళ్ల ముందు మూగేవాళ్లు. నెలకోసారి నాయన అక్కడికి వెళ్లి, పని లేకపోయినా మెట్ల మీద కాసేపు నిలబడి వచ్చేవాడు.

తర్వాత బస్సులు ఆగే చోటు ఊరికి ఇంకో పక్కకు మారింది. ఏడాది తిరగకముందే మా అంగళ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చివరికి గొడుగులు బాగుచేసే ఆయన, జాతకాలు చెప్పే ఆయన మాత్రం మిగిలారు. వాళ్లు కూడా అద్దె అడిగితే రేపు రమ్మనేవాళ్లు. అమ్ముదామంటే కొన్న ధరలో సగానికి అడిగే నాథుడు లేడు.

అప్పటికి నేను బీకాం ముగించి మండీ లెక్కలు రాస్తున్నాను. ఆడిటరు పన్ను కోసం వేసుకునే లెక్క వేరు, మా ఇంటి లెక్క వేరు. ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి, ఆస్తులనూ వాటి విలువలనూ నాయన పైకి చదివేవాడు, నేను రాసేవాణ్ని. తిరుపతి మిద్దె దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పెద్దదయ్యేది. చదివేది కొన్న ధరే. "మా అన్న కొన్న మిద్దెప్పా అది, మాటలా," అని చిన్నాయన వచ్చినవాళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక ఉగాదికి నేను కలం ఆపేశాను.

"నాయనా, ఆ ధర ఇప్పుడు యాడుండాది? అమ్మితే ఎంత వస్తాదో అంతే రాసుకుందాం. మనల్ని మనం మోసం చేసుకునేదేంటికి?"

"పండగ పూట ఆస్తిని తగ్గించి రాస్తే ఇంటికి మంచిది కాదు. రాయి," అన్నాడు.

"రాస్తే జనం తిరిగొస్తారా?"

"నోరు మూసుకోని రాయరా. మిద్దె యాడికీ పోలేదు. ఆడనే ఉండాది."

రాశాను, ఏం చేస్తాను. బెల్లం చెమ్మగిల్లి నీరు కారుతోందంటే ఆ పూటే ధర తగ్గించి అమ్మేసే మనిషి, మిద్దె మాట ఎత్తితే మాత్రం చెవిటివాడైపోయేవాడు.

చిన్నాయన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇంట్లో ఆడవాళ్ల మధ్య చిన్న చిన్న మాటలు మొదలయ్యాయి. అవి ముదరకముందే పంచుకుందామని అన్నదమ్ములు అనుకున్నారు. మా వాళ్లలో పద్ధతి ఏమంటే, పెద్దవాడు భాగాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఏది మిగిలినా తనకే కాబట్టి పెద్దవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని సమానంగా వేస్తాడని. నాయన ఇంటి లెక్కలు ముందర పెట్టుకుని రెండు భాగాలు వేశాడు. ఒకటి మండీ, అందులోని సరుకు, రైతులతో ఉన్న వ్యవహారమంతా. రెండోది తిరుపతి మిద్దె, ప్రతి ఉగాదికీ చదివిన ధరకు. రెండూ సరిగ్గా తూగాయి.

ముందురోజు నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మిద్దె మన భాగానికొస్తే ఏం తిని బతకాల నాయనా?"

"రాదులే. వానికి దాని మింద పానం. వాడే కోరుకుంటాడు సూడు," అన్నాడు. మిద్దె తనది కాకుండా పోతుందని ఆయనకు దిగులుగా కూడా ఉంది.

మర్నాడు పెద్దమనుషుల ముందు చిన్నాయన తల వంచుకుని, "నాకు మండీ ఇప్పీండి," అన్నాడు.

నాయన ముఖం నల్లబడిపోయింది. మండీ పోయినందుకు కాదు, అంతగా పొగిడిన తమ్ముడే ఆ మిద్దెను వద్దన్నందుకు. "ఇన్నేండ్లూ వాడు నా ముందర నాటకమాడినాడు," అన్నాడు అమ్మతో. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవాడు.

తర్వాత మేం బతికామంటే బతికాం, అంతే. నేను ఇంకొకరి మండీలో గుమాస్తాగా చేరాను. అమ్మ పాలు కొనడం మానేసి, పాలు లేని వరక్కాపీ తాగుతూ, అదే బాగుందని బుకాయించేది. నాయన ఒక్కడే తిరుపతికి వెళ్లి, ఖాళీ గదులకు సున్నం కొట్టించి వచ్చేవాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చేవి.

ఎనభైల నడుమ మిద్దెను అమ్మక తప్పలేదు. వచ్చింది కొన్న ధరలో సగం లోపే. రేపు పేచీ రాకుండా తమ్ముడి చేత కూడా సాక్షి సంతకం పెట్టించమని కొనేవాడు పట్టుబట్టాడు. నేనే వెళ్లి చిన్నాయనను పిలిచాను. మారుమాట లేకుండా తిరుపతి రిజిస్ట్రాఫీసుకు వచ్చాడు.

సంతకాలయ్యాక బయట వరండాలో నాయన ఇన్నేళ్లకు తమ్ముడితో మాట్లాడాడు.

"మిద్దె విలువ పోయిందని నీకు పంచుకున్న పొద్దే తెలుసు గదా?"

"తెలుసు గదన్నా. ఊరందరికీ తెలుసు," అన్నాడు చిన్నాయన. "నేను పిల్లోళ్లు గలవాన్నని, నువ్వు తెలిసే అట్ల పంచినావనుకుంటి. మంచి భాగం నాకు ఇడిసిపెట్టినావని. నీకు దండం పెడదామని ఎన్నితూర్లు ఎదురొచ్చినా నువ్వు మొగం తిప్పుకుంటివి. అన్నకు ఆ మాట ఎత్తడం ఇష్టం లేదేమోలే అని ఊరుకుంటి."

 నాయన నేల చూస్తూ, "ఆఁ, తెలిసే పంచినాలే," అన్నాడు.

చిన్నాయన వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో, అమ్మకంలో వచ్చిన నష్టాన్ని ఇంటి లెక్కల్లో ఎట్లా చూపించమంటావని అడిగాను.

"నష్టమని రాయొద్దు," అన్నాడు నాయన. "తమ్మునికిచ్చినానని రాయి."

నాకు ఒళ్లు మండింది. "ఆ మాట ఆ పొద్దే అనింటే, ఇన్నేండ్లూ ఇద్దరూ మాట్లాడుకుంటా ఉంటిరి గదా నాయనా," అన్నాను.

 బస్సు పూతలపట్టు దాటేదాకా ఆయన పంచె చెరగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.