పెన్నాగరంలో పన్నెండు కాగితాలు

బెంగళూరులో నేను పాఠాలు చెప్పే డిజైన్ కాలేజీలో రేవతి చివరి సంవత్సరం విద్యార్థిని. వాళ్లది తమిళనాడులో ధర్మపురి జిల్లా పెన్నాగరం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రేవతికి తప్ప చదవడం ఎవరికీ రాదు. తను అక్షరాలు చూపిస్తే చాలు, కూలిపని చేసే పన్నెండుమంది ఆడవాళ్లు తమంతట తామే నేర్చుకున్నారనీ, చేయి పట్టి దిద్దించకపోవడమే తన విద్యా సిద్ధాంతమనీ రాసి, వాళ్ల రాతలతో చివరి ప్రాజెక్టుగా తెలుగు వాచకం తయారు చేసింది. చూస్తే అన్ని కాగితాల్లోనూ ఒకే వంపు, ఒకే కొలత. హాస్టల్లో కూర్చుని తనే గీసిందని నా అనుమానం. అదే నిజమైతే ఆమెకు ఏడాది పోతుంది. సంతకం పెట్టాల్సింది నేనే కాబట్టి ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఆరింటి బస్సెక్కితే ధర్మపురి తొమ్మిదిన్నరకు వచ్చింది. స్టాండు పక్కన ఇడ్లీ బాగుంది, చట్నీ ఉత్త నీళ్లు. పదింటికి పెన్నాగరం బస్సు. ఎడమవైపు కూర్చోకండి, ఎండ మొహాన కొడుతుంది. చిల్లర దగ్గరుంచుకోండి.

పక్క సీటులో పెన్నాగరం అంగడి పెద్దాయన. రేవతి తెలుసా అని అడిగాను.

"మేస్త్రి కూతురే కదా? ఎప్పుడు చూసినా ఏదో గీస్తానే ఉంటాది. ఆడోళ్లు నేర్చినారో లేదో నేను చూడలే" అన్నాడు.

నా అనుమానం ఇంకాస్త ముదిరింది.

పదకొండు దాటాక ఆ ఆడవాళ్లుండే వీధి దొరికింది. వాచకంలో మొదటి పేరు పచ్చమ్మ. నన్ను చూసి తలుపు సగమే తీసింది.

"ఎవురు సార్? ఏ ఆఫీసు?"

రేవతికి పాఠాలు చెప్పే సార్‌నన్నాను. "పాప ఏమన్నా తప్పు చేసినాదా?" అంది. జవాబు చెప్పకుండా కాగితం, పెన్ను ఇచ్చి, వాచకంలో లేని మాట కావాలని 'గంప' రాయమన్నాను. పెన్ను అటూ ఇటూ తిప్పి కింద పెట్టేసింది. దొంగ దొరికిందనుకున్నాను.

ఆమె లోపలికెళ్లి ముగ్గుపిండి తెచ్చింది. వాకిట్లో నీళ్లు చల్లి వరసగా చుక్కలు పెట్టింది. వాటి చుట్టూ గీత తిప్పుతూ 'గంప' వేసింది. మధ్యమధ్యలో తలెత్తి నా మొహం చూసింది. ఎదురింటావిడను పిలిచి ఆమెనూ వేయమన్నాను. అవే చుక్కలు, అదే వంపు.

"అందరిదీ ఒకేలా ఉందే?"

"ఈ వీధిలో మా అత్తలు పెట్టిన పుళ్ళే, ఈ చుక్కలే, మేమూ పెట్టేది సార్. మార్చితే కోలం చెడిపోతాది."

"మరి కాగితం మీద చుక్కలు లేవేం?"

"పెన్సిల్‌తో పెట్టినాము. పైన పెన్ను మసి ఆరినాక, గలీజుగా ఉండాదని పాప రబ్బరుతో తుడిచేసినాది."

ముగ్గుకు ముందు చుక్కలు పెడతారన్నది ఆ వీధిలో చెప్పుకోవాల్సిన సంగతే కాదు. అందుకే రేవతి రాయలేదు. పైగా శుభ్రం కోసం తన సాక్ష్యాన్ని తనే చెరిపేసుకుంది.

రెండింటి బస్సులో కూర్చుని రేవతికి ఫోన్ చేశాను. పాస్ చేస్తున్నానని సంతోషంగా చెప్పాను.

"పచ్చమ్మత్త ఇప్పుడే ఫోన్ చేసినాది సార్. నా సార్‌నని చెప్పి ఎవురో ఆఫీసరు వచ్చి పరీక్ష పెట్టి పోయినాడంట. ఇంక ఈ రాసేది మాకొద్దు అంటా ఉండారు, అందరూ" అంది.

సిగ్గేసింది. ఆ వీధిలో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రేవతి నేర్పిన చదువును ఒక్క పూటలో మాన్పించి వస్తున్నాను.