పన్నెండో గది కుర్చీ

జుల్మీరా మా విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదేళ్ళుగా గదులు తుడుస్తోంది. గేటు కాపలా నాది. ఇంత పెద్ద చదువు పైసా ఫీజు లేకుండా చెబుతున్నామని సావో పాలోలో పెద్దమనుషులు గొప్పలు పోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. లోపలికొచ్చే కార్లు రోజూ చూసేవాణ్ణి నేను కదా! పదిహేనేళ్ళు ఖరీదైన బడుల్లో చదివి, ఆపైన ఏడాది కోచింగ్ తీసుకున్న పిల్లలకు ఇక్కడ చదువు ఉచితం. మా పేట పిల్లలు మాత్రం పగలంతా పనిచేసి, సాయంత్రం ఏ ప్రైవేటు కాలేజీకో ఫీజు కట్టి చదువుకోవాలి.

జుల్మీరా ఈ మాట ఒప్పుకునేది కాదు.

"ఏడ్చావులే అడైల్టన్! మా అమ్మాయి జాసియారా చదువుకోడానికి ఈ గేట్లోంచే వస్తుంది. నువ్వే సలాం కొడతావ్, చూస్తూ ఉండు" అనేది.

కోచింగ్ పుస్తకాలు పిల్లలు చెత్తబుట్టలో పారేస్తే, కాఫీ మరకలు తుడిచి ఇంటికి పట్టుకెళ్ళేది. సగం లెక్కలకు ఎవరో ముందే జవాబులు రాసేశారని విసుక్కుంటూనే ఆ పిల్ల మూడేళ్ళు వాటితోనే చదివింది.

ప్రవేశ పరీక్ష ఆదివారం వచ్చింది. సరిగ్గా ఒంటిగంటకు నేను గేటు మూసెయ్యాలి. ఆలస్యంగా వచ్చి ఏడ్చేవాళ్ళను చూడ్డానికి మా దగ్గర జనం పోగవుతారు. సిగ్గులేని వేడుక అది. ఆ రోజు మా విద్యార్థులే తరగతి కుర్చీలు మోసుకొచ్చి, బీరు డబ్బాలతో గేటు బయట కూర్చున్నారు. ఆదివారం మా పేటకు బస్సులు సగమే తిరుగుతాయని వాళ్ళకెలా తెలుస్తుంది?

జుల్మీరా బకెట్ దించి నా పక్కన నిలబడింది.

"వచ్చేస్తుందిలే. తొమ్మిదింటికే బయల్దేరింది."

"పది... తొమ్మిది... ఎనిమిది..." కుర్రాళ్ళు గొంతు కలిపి లెక్కపెట్టసాగారు. అప్పుడు మలుపులో జాసియారా కనబడింది, చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుతూ.

"ఒక్క క్షణం ఆగు, నీకు దణ్ణం పెడతా" అంది జుల్మీరా.

పైన కెమెరా ఉంది. నాకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. మూసేశాను.

"వచ్చే ఏడాది కాస్త పెందలాడే నిద్ర లేవమ్మా!" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఊచలు పట్టుకుని, "బస్సు రాలేదమ్మా, మధ్యలో మారాల్సిన రెండోది అసలు రాలేదు" అంటూ కూలబడింది.

జుల్మీరా పనివాళ్ళ దారిన బయటికి నడిచి, ఆ అరిచినవాడి ముందు నిలబడింది.

"లే."

"అబ్బా, ఏంటి ఆంటీ, ఏదో సరదాకి..."

"ఇది పన్నెండో గది కుర్చీ. రోజూ తుడిచేది నేనే. లేవరా!"

వాడు లేచాడు. ఆమె భుజం మీది గుడ్డతో కుర్చీ తుడిచి, మూసిన గేటు ముందుకు తెచ్చి వేసింది.

"కూర్చో తల్లీ" అంది కూతురితో.

జాసియారా కూర్చుంది. జుల్మీరా ఊచల్లోంచి నా వైపు చూసింది. సలాం కొడదామంటే నాకు చెయ్యి లేవలేదు.