మాసమ్మ చూడని శిలాతోరణం

అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన ఒక బోర్డు ఉంది: 'పనివాళ్లు మెట్లు వాడవలెను.' మాసమ్మకు చదువు రాదు. పనిలో చేరిన రోజే వాచ్‌మన్ చదివి వినిపించాడు. అప్పటినుంచి ఆమె ఏళ్ల తరబడి రోజుకు రెండు పూటలా ఐదో అంతస్తుకు మెట్ల మీదే ఎక్కింది. చెత్తబుట్ట మోసుకుంటూ దిగుతుంటే, ఎదురింటివాళ్ల కుక్క లిఫ్టులో దిగేది.

మాసమ్మది మహబూబ్‌నగర్ జిల్లా. భర్త ఈదయ్య రాళ్లు కొట్టే పనికి గుంపుతో ఊళ్లు తిరిగినవాడు. ఒక ఏడు తిరుమల ఘాట్ రోడ్డు గోడ పనికి వెళ్లొచ్చి భార్యకు చెప్పాడు: "కొండ మీద రెండు బండలు కమాను లెక్క కలిసినయే. ఒక్క సుత్తె దెబ్బ సుత తగల్లే. నీకు సూపిస్త." చూపించకముందే చిక్కడపల్లిలో కడుతున్న బిల్డింగ్ మీది నుంచి పడి చనిపోయాడు. మర్నాటికి మేస్త్రీ ఇంకొకణ్ని పనిలో పెట్టుకున్నాడు.

పోయిన వేసవిలో, ఆమె పనిచేసే ఇంటి ఇల్లాలు కీర్తన అడిగింది.

"మాసమ్మా, మాతో తిరుపతి వస్తావా? మహిత నీ దగ్గరైతే పేచీ పెట్టదు. శిలాతోరణం కూడా చూద్దాం." మహిత ఆమె మూడేళ్ల కూతురు.

"బండలు కలిసిన కాడికా అమ్మా?"

"అదే. నీకెలా తెలుసు?"

"మా ఆయన సూసిండు."

ఇక బస్తీలో ఆమె నోట అదే మాట. పక్కింటి బాలనాగమ్మ ఆటపట్టించింది. "బండలు సూడనీకి గంత దూరమా అక్కా? మనూరంత బండలేనాయె! లడ్డు మాత్రం మర్వకు." మాసమ్మ నవ్వి, సుల్తాన్ బజార్‌కు పోయి కొత్త చెప్పులు కొనుక్కుంది.

తిరుపతి లాడ్జిలో గది నాలుగో అంతస్తులో దొరికింది. కీర్తన, భర్త నరేంద్ర, పాప లిఫ్టులోకి వెళ్లారు. మాసమ్మ బ్యాగులు పట్టుకుని మెట్లవైపు తిరిగింది. అక్కడ లిఫ్టు ఎక్కొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎక్కమనీ చెప్పలేదు. పాలకని, వేడినీళ్లకని, కారులో మరిచిపోయిన ఛార్జర్‌కని సాయంత్రమంతా ఎక్కి దిగింది. అప్పటికే అరిగిన మోకాళ్లు. తెల్లారేసరికి కుడి మోకాలు వాచి కాలు కింద పెట్టనివ్వలేదు.

కీర్తన నివ్వెరపోయింది. "అదేంటి మాసమ్మా, మెట్లెక్కావా? లిఫ్టు ఉందిగా!"

"మాకు లిఫ్టు ఉండదు గదమ్మా."

నరేంద్ర ఫోన్‌లోకి తల దించాడు. అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీ అతనే.

శిలాతోరణం దగ్గర బండి దిగి కాస్త నడవాలి, కొన్ని మెట్లెక్కాలి. మాసమ్మ కుంటుతూనే మొదటి మెట్టు ఎక్కింది. రెండోదాని మీద కూలబడింది. చెట్లకు అవతలే ఉంది ఆ తోరణం. ఇక్కణ్నుంచి కనిపించదు.

"మీరు పోయి రండమ్మా," అంది.

తిరిగొచ్చాక కీర్తన ఫోన్‌లో ఫోటో చూపించింది. ముగ్గురూ నవ్వుతూ నిలబడ్డారు. బండలు కలిసే చోటు వాళ్ల తలల వెనక దాగిపోయింది.

"మంచిగుందమ్మా," అంది మాసమ్మ.

బస్తీకి రాగానే బాలనాగమ్మ అడిగింది. "సూసినవా నీ బండలు?"

"లే." లడ్డు చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఇప్పుడు ఆమెకు గడప దాటడమే కష్టం. ఆ ఇంటి పని కోడలు మనీష చేస్తోంది, అవే మెట్లెక్కి. కీర్తన చెడ్డమనిషి కాదు. అత్తకు ఇవ్వమని నొప్పి మాత్రలు పంపుతుంది. బోర్డు సంగతి ఎత్తితే మాత్రం, "మీటింగ్‌లో నేనొక్కదాన్నే ఎలా అడగను?" అంటుంది.

ఒక్కరే అడగకండి. మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి బోర్డు ఉండే ఉంటుంది. బోర్డు లేకపోతే, బోర్డు అవసరం లేని అలవాటైనా ఉంటుంది. ఈ నెల అసోసియేషన్ మీటింగ్‌కు పక్క ఫ్లాటువాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ నియమం తీసేయమని అడగండి, తీసేసేదాకా కూర్చోండి. తర్వాత మీ ఇంట్లో పనిచేసే మనిషికి లిఫ్టు ఎక్కమని మీ నోటితోనే చెప్పండి. ఆమె మొహమాటపడుతుంది. తలుపు పట్టుకుని నిలబడండి. మనీష మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.