ఏడెన్‌లో తుండుగుడ్డ బేరం

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, పరదేశం బయల్దేరినవాడి చేతిలో సర్కారువారు, అంతకు మించి మార్చుకోనివ్వకుండా, మూడు పౌండ్లు పెట్టి, క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మనేవారు. నూజివీడు మామిడితోటల్లో పెరిగి ఇంజనీరింగు వెలగబెట్టిన నేను వాటిని బనియను జేబులో పెట్టి కుట్టించుకుని (కుట్టింది అమ్మ, ముడులు వేసింది బామ్మ, విప్పడానికి బ్లేడు కావాల్సొచ్చింది) లండన్ ఓడెక్కాను. కాలేజీలో చేరి స్కాలర్‌షిప్పు అందేదాకా రైలుకైనా, తిండికైనా అవే గతి. దిగేది జనవరి చలిలో, ఒంటి మీదున్నది బెజవాడలో కుట్టించిన పల్చటి సూటు. పెట్టెలో మాత్రం నాన్న బలవంతాన పెట్టిన ఎర్రంచు తుండుగుడ్డ ఒకటుంది. "ఉంచుకోరా, ఎందుకైనా పనికొస్తుంది" అన్నాడు. దొరల దేశంలో తుండుతో ఏం పనని నాకు ఒళ్ళు మండింది.

ఓడ దారిలో అరేబియా రేవు ఏడెన్‌లో ఒక పూట ఆగింది. అక్కడ ఉన్నికోట్లు చవకట. నా కేబిన్‌లో ఉన్న గుంటూరు ప్లీడరుగారబ్బాయితో నేనూ దిగాను, ఎండకి తాళలేక సిగ్గు చంపుకుని తుండు మెడలో వేసుకుని. అక్కడ చెల్లేవి షిల్లింగులు. పౌండుకి ఇరవై రావాలి, కొట్టు ముసలాయన పదహారే అన్నాడు. కోటేమో నలభై ఎనిమిది. అంటే నా మూడు పౌండ్లూ ఊడ్చిపెట్టుకుపోతాయన్నమాట. ప్లీడరుగారబ్బాయి ఇంగ్లీషులో వాదించి, ఓడి, అంతా చెల్లించి కోటు తొడుక్కున్నాడు. "ఇక్కడ బేరాల్లేవండీ. మన సంతనుకున్నారా ఏంటి?" అన్నాడు చెమటలు కక్కుతూ.

అప్పుడు కనిపించారు, కొట్టు మూల ఇద్దరు వర్తకులు, చేతుల మీద శాలువా కప్పుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా. నాకు ప్రాణం లేచొచ్చింది. మా తోట కాపు కొనడానికి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే షావుకార్లతో నాన్న చేసే బేరం అచ్చం ఇదే. తుండు కింద వేళ్ళు పట్టుకోవడమే, నోట మాటుండదు. పైకి ధర దించితే ఊరందరికీ దించాలి, తుండు కిందైతే ఒక్కడికే. "మొహం చూడకురా, చెట్టు చూడు" అనేవాడు నాన్న. ఏడెన్‌లో చెట్టెక్కడిది, ఓడ చూశాను. కోటు ముసలాయన ఒళ్ళో పెట్టి, తుండు ఆయన చేతి మీద కప్పి రెండు వేళ్ళు పట్టుకున్నాను, రెండు పదులన్నట్టు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు గాని చెయ్యి లాక్కోలేదు. నా నాలుగు వేళ్ళు నొక్కాడు. నేను మళ్ళీ రెండే. పౌండు మారకం కూడా ఆ గుడ్డ కిందే తేలింది, ఇరవైకి ఇరవై. చివరికాయన పకపకా నవ్వి, కోటు మడిచి చేతికిచ్చి, నాకు టీ కూడా తెప్పించాడు.

"ఎంతకిచ్చాడండీ?" అని ప్లీడరుగారబ్బాయి ఓడ మెట్ల దాకా వెంటపడ్డాడు.

"తుండు కింద మాట పైకి చెప్పకూడదండీ" అన్నాను. ఇంజనీరింగు పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు. లండన్‌లో రైలు టిక్కెట్టు నా డబ్బుతోనే కొన్నాను, కోటు మీద ఎర్రంచు తుండు మఫ్లరులా చుట్టుకుని మరీ.

ఇప్పుడు ఏ దేశమెళ్ళినా కార్డు తాకిస్తే చాలు, డబ్బు పోయిన చప్పుడైనా వినపడదు. మొన్నొక విమానాశ్రయంలో డబ్బు మార్చే గాజు కిటికీ ముందు నిలబడితే నా చెయ్యి దానంతటదే భుజం తడుముకుంది. తుండు లేదు. ఉన్నా ఆ కిటికీ సందులో రెండు వేళ్ళకు మించి దూరవు. ఏడెన్‌లో తుండేసుకుని దిగిన ఆ కుర్రాడైతే రెండు చాలుననేవాడు.