కుడికి తిప్పితే తగ్గాలి

ముప్ఫై నాలుగేళ్లు నీళ్ల పంపుహౌసులో వాల్వులు తిప్పిన మనిషి కాబట్టి చుట్టాలంతా ఆయన్ని వాల్వు మామయ్య అనే పిలుస్తారు. రిటైరైన నెలకల్లా ఇంట్లో కారే కుళాయి ఒక్కటీ మిగల్లేదు. ఇక చేతులు ఊరుకోక వంటింట్లో డబ్బాల మూతలు బిగించడం మొదలుపెట్టాడు. ఆ మూతలు మళ్లీ తియ్యడం ఎవరి తరమూ కాలేదు.

ఇంటిని ఆ గండం నుంచి గట్టెక్కించింది కోడలు. ఆఫీసు నుంచి వచ్చాక కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని చిన్న చిన్న సర్క్యూట్లు కట్టుకోవడం ఆమెకు సరదా. అప్పట్లో వాళ్లమ్మ కోసం ఒకటి చేస్తోంది. ఆవిడకు చెవులు సరిగా వినపడవు. వీధి గుమ్మంలో మీట నొక్కితే వంటింట్లో దీపం మిణుకుమిణుకుమనాలి. వోల్టేజీని కావలసినట్టు పెంచుకుంటూ తగ్గించుకుంటూ వాడుకునే పవర్ సప్లై ఒకటుంటే హాయిగా ఉండేదని ఒకరోజు మాటవరసకు అంది. ఇంకేం, మామయ్య అందుకున్నాడు.

పాత టేపురికార్డరులోంచి ట్రాన్స్‌ఫార్మరు ఊడదీశాడు. గోడలోంచి వచ్చే కరెంటును అది తగ్గిస్తుంది, నాలుగు డయోడ్లు ఒకే దిక్కుకు మళ్లిస్తాయి, లావుపాటి కెపాసిటరు ఒడుదొడుకులు సర్దుతుంది. చివర్న రెగ్యులేటరు చిప్పు, దాన్ని నడిపించే నాబు. కోడల్ని అడిగి అడిగి అంతా నేర్చుకున్నాడు. ట్యాంకు, పైపు, వాల్వు తప్ప ఇందులో కొత్తేముందని కొట్టిపారేశాడు కూడా. అక్కడే కొంప మునిగింది.

ఆత్రం ఆగక, మీటరైనా బిగించకుండానే, ఐదు వోల్టులకు పెట్టాను తగిలించమన్నాడు. కోడలు జాగ్రత్త గల మనిషి. ముందు బాగా తగ్గించి తర్వాత మెల్లగా పెంచుదామని నాబును ఎడమకు చివరికంటా తిప్పి, అప్పుడు తీగలు తగిలించింది. టప్పుమంది. సన్నగా పొగ లేచింది. మూడు వారాల పని బుగ్గైపోయింది.

"ఎడమకెందుకు తిప్పావమ్మా?" అన్నాడాయన నీరుగారిపోయి.

"తగ్గిద్దామని, మామయ్యా."

"తగ్గించాలంటే కుడికి కదా తిప్పాలి?"

ఆయన భార్య లేచి వెళ్లి రేడియో నాబును కుడికి తిప్పింది. వార్తలు వీధి చివరిదాకా వినిపించాయి.

పాపం, ఆయన తప్పేముంది. వాల్వు కుడికి తిప్పితేనే మూసుకుంటుంది. నాబు వెనక ఒక కాలికున్న తీగను ఇంకో కాలికి మార్చడం ఐదు నిమిషాల పని, వెంటనే మార్చేశాడు. ఇక కుడికి తిప్పితే పెరుగుతుంది. కోడలు మాత్రం పోనీలెండి అని నవ్వేసి, మళ్లీ మొదటినుంచి కట్టుకుంది, ఈసారి బ్యాటరీ సెల్లులతో. నాలుగు మాటలన్నా బాగుండేది. ఆ మర్యాదే ఆయన్ని కుంగదీసింది. ఈ పిల్ల ఇక తన పవర్ సప్లై డబ్బాకు ఏదైనా తగిలిస్తుందా అన్న దిగులుతో అన్నం కూడా సహించలేదు.

పట్టుబట్టి మీటరు బిగించి, రెండో నాబు కూడా పెట్టాడు. కరెంటు ఎంతకు మించి పోకూడదో దాంతో ముందే చెప్పి ఉంచొచ్చు. అది దాటబోతే ఎర్ర దీపం వెలుగుతుంది, వోల్టేజీ అక్కడే ఆగిపోతుంది. కోడలి ఎదుట రెండు తీగలనూ కావాలనే పదిసార్లు ఒకదానికొకటి తాకించాడు. దేనికీ ఏమీ కాలేదు. బాగుంది మామయ్యా అంది కోడలు, వెళ్లి సెల్లులే మార్చుకుంది.

ఆదివారం పొద్దున ఆమె తనంతట తానే తన సర్క్యూట్ బోర్డు పట్టుకొచ్చింది. మధ్యాహ్నం పుట్టింటికి వెళ్లాలి. సెల్లులు అరిగేకొద్దీ దీపం ఎక్కడిదాకా వెలుగుతుందో తెలియకుండా అమ్మకు ఇవ్వడం కుదరదు, అది తెలియాలంటే వోల్టేజీ తగ్గిస్తూ చూడాలి. మామయ్యకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఆమె కరెంటు హద్దు పెట్టి, ఐదు వోల్టులిచ్చి, మీట నొక్కి పట్టుకుంది.

"మెల్లగా తగ్గించండి, మామయ్యా."

ఆయన ఊపిరి బిగబట్టి, ముప్ఫై నాలుగేళ్ల అలవాటు కొద్దీ, నాబును భేషుగ్గా కుడికి తిప్పాడు.

ఎర్ర దీపం భగ్గుమంది. మీటరు ముల్లు ఆరు దగ్గర ఆగిపోయింది. ఆయన చెయ్యి కూడా.

"కాల్చేశానా అమ్మా?"

కోడలు నాబును వెనక్కి తిప్పి మీట నొక్కింది. దీపం మిణుకుమంది. మళ్లీ నొక్కింది, మళ్లీ మిణుకుమంది. తీగలు ఊడదీసి, పవర్ సప్లైని రెండు చేతులా ఎత్తి తన బల్ల మీద పెట్టుకుంది.

"మీ డబ్బా మిమ్మల్ని కూడా నమ్మదు మామయ్యా. నాక్కావలసింది సరిగ్గా ఇదే."