ఎదురింటి అరుగు మీద ఒక గంట

వంటలో ఉప్పు మరిచిపోవడం అందరికీ ఉన్నదే. అందుకే మా అత్త మతిమరుపును నేను మొదట్లో పట్టించుకోలేదు. ఒకరోజు మాత్రం మందస దగ్గరి మా జీడితోటలో, తాను నాటిన చెట్ల మధ్యే నిలబడి, "ఈ తోట ఎవులదే?" అని నన్నడిగింది.

శ్రీకాకుళంలో సీటీ స్కాన్, బ్లడ్ టెస్టులు చేశారు. డాక్టరుగారు డిమెన్షియా అన్నారు. మందులతో కాస్త నెమ్మదించవచ్చుగానీ పూర్తిగా తగ్గేది కాదని చెప్పారు. అంతలో కరోనా వచ్చిపడింది. మా ఆయన పనికెళ్లిన చెన్నైలోనే చిక్కుకుపోయారు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురుబొంగులు కట్టారు. అత్తకు అవన్నీ ఏం తెలుస్తాయి? తెల్లారితే చాలు, పలాస జీడి ఫ్యాక్టరీకి వేళైపోయిందని బయల్దేరేది. ఆ పని మానేసి ఏళ్లయింది. మాస్కు పెట్టుకుంటే నన్నే దొంగనుకుని కేకలు వేసేది. స్నానానికి వెళ్లినా నా చెవి గుమ్మం వైపే ఉండేది.

చేతికి పనుంటే కుదురుగా కూర్చుంటుందని జీడిపిక్కలు ముందు పోశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పిక్క కొట్టడం ఆమె మరవలేదు. డొల్లలోని సొన చర్మాన్ని కాలుస్తుంది కదా, అందుకని ముందు చేతులకు బూడిద రాసుకోవడం మాత్రం మరిచింది. ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది. బుగ్గంతా బొబ్బలు. ఆస్పత్రికి వెళ్లడానికి బండి దొరకలేదు. డాక్టరుగారు ఫోన్లోనే పూతమందు చెప్పి, "ఆమె సంగతి సరే, మీరు నిద్రపోతున్నారా?" అని అడిగారు. ఏడుపు తన్నుకొచ్చింది.

మా ఆయన ఫోన్లో, అత్త గదికి బయట గడియ పెట్టేయమన్నారు. పెట్టబోయాను కూడా. లోపలినుంచి అత్త, "పిల్లా, నానేటి తప్పు సేసినాను?" అంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఆయన మీద, కరోనా మీద, అందరి మీదా కోపం వచ్చింది.

ఆ కోపంలోనే ఎదురింటి పార్వతక్క దగ్గరకు వెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని, వేయించిన జీడిపప్పుకు పొట్టు తీస్తుంది. అందులో సొన బాధ లేదు. ఏమైనా సాయం కావాలా అని ఆమె ఎన్నిసార్లు అడిగినా ఏం వద్దక్కా అనేదాన్ని. ఈసారి సాయంత్రాలు గంటసేపు అత్తను కూర్చోబెట్టుకోమని నేనే అడిగాను. ఊరంతా ఒకరినొకరు తాకడానికే భయపడుతున్న రోజులు. ఒప్పుకోదేమో అనుకున్నాను.

"తీసుకొచ్చీ. ఆ కొసన తను కూకుంటాది, ఈ కొసన నాను కూకుంటాను."

కరోనా పోయింది, మా ఆయన వచ్చారు, ఆ గంట మాత్రం అలాగే సాగుతోంది. అత్తకిప్పుడు నేనెవరో తెలియదు. ఒక్కోసారి పొట్టుతోపాటు పప్పూ పారేస్తుంది, పార్వతక్క ఏరుకుంటుంది. నా విసుగు పూర్తిగా పోలేదు.

ఇలాంటి మనిషిని చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సాయం చేస్తామన్నవాళ్లకు ఫలానా వేళ, ఫలానా పని అని విడమరిచి చెప్పండి. ఆ వేళలో ఇంటిపని ముందేసుకోకుండా పడుకోండి.

మొన్న నేనలా నడుం వాల్చినప్పుడు వీధిలో బట్టలమ్మే అతను అరుస్తున్నాడు. అరుగు మీది నుంచి అత్త గొంతు వినబడింది.

"అరవకు బాబూ. ఆ ఇంట్లో ఎవులో పిల్ల పడుకున్నాది."