ఇంటిదాకా మోసుకెళ్లే మాట

ఐటీ కంపెనీల పుణ్యమా అని హైదరాబాద్ అంతా ఇంగ్లీషు వెంట పడ్డ రోజులవి. పిల్లలకు ఇంగ్లీషు పదాలు ఎలా నేర్పాలో టీచర్లకు చెప్పడానికి కాకినాడ నుంచి వెళ్లాను. జూబ్లీహిల్స్‌లో రోజంతా మాట్లాడి, గొంతు ఎండిపోయి, సాయంత్రం ఫిల్మ్ నగర్‌లో టోలిచౌకి వెళ్లే షేర్ ఆటో ఎక్కాను.

పక్కనున్నావిడ పెదవులు కదుపుతూనే ఉంది. ఏదో జపమనుకున్నాను. టోలిచౌకి ఎంత దూరమని రెండుసార్లు అడిగితే, "షేక్‌పేట దాటినంక వస్తది" అని, వెంటనే నెత్తి కొట్టుకుంది.

"పాయె! యాది మర్చిన సార్."

ఆమె ఒక సినిమావాళ్ల ఇంట్లో పనిచేస్తుంది. అక్కడ రోజుకో వస్తువు ఇంగ్లీషు పేరు అడిగి, రెండో తరగతి చదివే కూతురికి తీసుకెళ్తుంది. రాయడం రాదు కాబట్టి ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉంటుంది; నేను మాట్లాడించేసరికి ఇవాళ్టి మాట కాస్తా పోయింది. ఆ వస్తువు ఎలా ఉంటుందో చేతులతో చూపించాకే పేరు చెబుతుందట. నేను పొద్దున్నించీ చెప్పొచ్చింది మాత్రం, రోజుకు పది పదాలు బోర్డు మీద రాయమని.

"బిడ్డ తలుపు కాడ్నే అడుగుతది. మీరే ఒకటి చెప్పుండ్రి సార్."

పొద్దున్న టీచర్లకు చెప్పిన పదాలన్నీ తలచుకున్నాను. చివరికి "టైర్డ్" అన్నాను. అలసిపోవడమని అర్థం చెప్పాను.

ఆమె రెండుసార్లు పలికి చూసింది.

"గిది మంచిగుంది సార్. చేతులతోని చూపిచ్చే పని గూడ లేదు. పోయి ఎదురుంగ నిలబడితె సాలు."

షేక్‌పేటలో దిగేదాకా ఆ మాటే అనుకుంటూ కూర్చుంది. టోలిచౌకి ఇంకెంత దూరమని ఈసారి నేను అడగలేదు.